తొమ్మిదో ఇల్లు తీసుకోవాలా? ఏది తప్పనిసరి, ఏది కనిపిస్తే వెనక్కి తిరగాలి

మీరు రాసినదాన్ని బట్టి నాకు అర్థమైంది ఇది. నాలుగు నెలల్లో పద్నాలుగు ఇళ్లు చూశారు. భార్యాభర్తలిద్దరూ కూర్చుని 26 అంశాల జాబితా రాసుకున్నారు. ప్రతి ఇంటికీ మార్కులు వేస్తున్నారు. తొమ్మిదోసారి చూసిన రెండంతస్తుల ఇంటికి 22 వచ్చాయి, ఇంటిల్లిపాదికీ నచ్చింది. కాకపోతే కింద మీ అమ్మగారికి అనుకున్న గదిలో సీలింగ్ మీద గోధుమరంగు మరక ఉంది. అమ్మేవాళ్లు "అది పాతది, ఎప్పుడో రిపేరు చేయించాం" అన్నారు. ఈ 26లో నిజంగా తప్పనిసరి అయినవి ఏవి, ఏది కనిపిస్తే ఎంత నచ్చిన ఇల్లయినా వద్దనుకోవాలి అని అడిగారు.

నేను ఇరవై రెండేళ్లుగా కొనబోయేవాళ్ల తరఫున ఇళ్లు తనిఖీ చేసి రిపోర్టులు ఇస్తున్నాను. తొమ్మిదో ఇంటి సంగతి చివర్లో చెప్తాను. దానికి జవాబు దొరకాలంటే ముందు మీ జాబితానే సరిచేసుకోవాలి.

మార్కుల పద్ధతిలో ఉన్న ఇబ్బంది ఏమిటంటే, అందులో అన్నీ ఒకే బరువుతో ఉంటాయి. మీ జాబితాలో "ఓపెన్ కిచెన్" ఒక మార్కు, "అమ్మకి కింద గది" కూడా ఒక మార్కే. వంటగది గోడ రెండు వారాల్లో తీసేయొచ్చు. కింద గది లేని ఇంటికి కింద గదిని తీసుకురాలేరు. 26లో 25 వచ్చిన ఇల్లు కూడా, పోయిన ఆ ఒక్క మార్కు స్థలం పల్లంలో ఉన్నందుకైతే, కాపురం చేయలేని ఇల్లు అవుతుంది.

అందుకే ప్రతి అంశం పక్కనా రెండు ప్రశ్నలు రాయండి. దీన్ని తర్వాత మార్చుకోగలమా? ఇది మాకు రోజూ తగులుతుందా? మార్చలేనిది, రోజూ తగిలేది ఏదైతే ఉందో అదే తప్పనిసరి. మార్చగలిగేది, అప్పుడప్పుడూ తగిలేది జాబితాలోంచే తీసేయండి. మిగిలినవి బేరమాడడానికి పనికొస్తాయి, అంతే.

మార్చలేనివి నిజానికి తక్కువే. స్థలం ఎత్తుపల్లాలు, ఇల్లు తిరిగి ఉన్న దిక్కు, చుట్టుపక్కల ఏముందన్నది, ఇంటికి వచ్చే దారి, గదుల ఎత్తు, పక్కింటికీ మనకీ మధ్య ఉన్న ఖాళీ, కాగితాల్లో ఉన్న చిక్కు. రంగులు, టైల్స్, అల్మారాలు, లైట్లు, బాత్రూమ్ ఫిట్టింగులు, వంటగది గట్టు మార్చుకోవచ్చు. కానీ ఇల్లు చూడడానికి వెళ్లినప్పుడు మన కళ్లు మొదట పడేది ఈ రెండో రకం మీదే. అమ్మేవాళ్లకీ ఆ సంగతి తెలుసు. అందుకే అమ్మే ముందు రంగు వేయిస్తారు.

నాకు ఇది పుస్తకంలో చదివితే తెలిసింది కాదు. నేను కొన్న మొదటి ఇంటిని మూడుసార్లు చూశాను. మూడుసార్లూ ఆదివారమే, పొద్దున పదకొండు గంటలకే. ముందు గదిలో ఆ వెలుతురు చూసి మనసు పడిపోయింది. పడకగది పడమర వైపు ఉందని, దాని గోడ అర్ధరాత్రి దాకా వేడి కక్కుతుందని అప్పుడు తోచలేదు. వెనక వీధిలో రాత్రిపూట యంత్రాలు నడిచే వర్క్‌షాపు ఒకటుందని ఆదివారం పదకొండింటికి ఎలా తెలుస్తుంది? ఆరేళ్లు అందులో ఉన్నాం. మా అబ్బాయి పసివాడు, నిద్రలో ఉలిక్కిపడి లేచేవాడు. ఆ రోజులు గుర్తుండబట్టే ఇప్పుడు నేను ఏ ఇంటినీ ఒక్క వేళలో చూసి రిపోర్టు ఇవ్వను. మీరూ నచ్చిన ఇంటిని కనీసం మూడు వేళల్లో చూడండి: పనిరోజు పొద్దున్నే ఏడింటికి, రాత్రి పదింటికి, గట్టిగా వాన పడిన మర్నాడు. లోపలికి వెళ్లనివ్వకపోయినా ఫర్వాలేదు, బయట అరగంట నిలబడినా సగం విషయాలు తెలుస్తాయి.

వాన మర్నాడు అన్నాను కదా, ఇక నీళ్ల గురించే ఎక్కువ చెప్తాను. నేను చూసిన ఇళ్లలో మనుషుల్ని ఎక్కువగా ఏడిపించింది నీళ్లే. ఉండాల్సిన చోట లేకపోవడం, ఉండకూడని చోట ఉండడం, బయటికి పోవాల్సిన దారిలో పోకపోవడం.

ముందు ఇంటి బయట రోడ్డు మీద నిలబడి చూడండి. రోడ్డుకంటే ఇంటి నేల పైన ఉందా, కింద ఉందా? రోడ్డు మీద పడిన నీళ్లు ఏ వైపు జారుతాయి? చుట్టుపక్కల ప్రహరీగోడల మీద ఒకే ఎత్తులో బురద చార కనిపిస్తే అక్కడిదాకా నీళ్లు వచ్చాయని గోడే చెప్తున్నట్టు. చెక్క తలుపుల అడుగుభాగం ఉబ్బి ఉందేమో, కింది ప్లగ్ పాయింట్లన్నీ కొత్తగా పైకి జరిపారేమో, మీటరు పెట్టెని మామూలుకంటే ఎత్తులో బిగించారేమో గమనించండి. పక్కింటివాళ్లని "పెద్ద వాన పడితే వీధిలో నీళ్లు ఎంతదాకా వస్తాయండీ" అని అడగండి. అమ్మేవాళ్లు చెప్పనిది పక్కింటివాళ్లు చెప్తారు.

"వందేళ్లకోసారి వచ్చే వరద" అన్న మాట విని చాలామంది ధైర్యపడతారు. మన కాలంలో రాదులే అనుకుంటారు. ఆ మాటకి అసలు అర్థం ఏటా నూటికి ఒక వంతు అవకాశం ఉందని. ముప్పై ఏళ్లు అదే ఇంట్లో ఉంటే ఆ వరద ఒక్కసారైనా వచ్చే అవకాశం లెక్క కడితే సుమారు 26 శాతం, అంటే నాలుగింట ఒక వంతు పైమాటే. పల్లంలో ఉన్న ఇల్లు నా దృష్టిలో చర్చకి తావులేని అంశం. ఎంత బాగున్నా వద్దు.

ఇక గోడల చెమ్మ. ఇందులో కొంచెం ఓపిక కావాలి, ఎందుకంటే చెమ్మ కనపడగానే పారిపోవాల్సిన పని లేదు. అది ఎక్కడినుంచి వస్తోందన్నదాన్ని బట్టి జవాబు మారుతుంది. నేలలోంచి గోడ పీల్చుకుని పైకెక్కే చెమ్మ ఒకటి. ఇది గోడ అడుగునుంచి సుమారు మీటరు ఎత్తుదాకా పట్టీలా కనిపిస్తుంది, ప్లాస్టర్ పొడిపొడిగా రాలుతుంది, తెల్లటి ఉప్పు పొర పైకి వస్తుంది. బయటి గోడ పగుళ్లలోంచో, స్లాబ్ మీదనుంచో, పైపు లీకేజీవల్లో వచ్చేది రెండోది. ఇది మచ్చలు మచ్చలుగా, వాన తర్వాత ముదురుగా ఉంటుంది. మూడోది గదిలో గాలి ఆడక, ఊపిరి, స్నానం, వంట ఆవిరి చల్లటి గోడ మీద నీరుగా మారడం. ఇది మూలల్లో, బీరువా వెనక, కిటికీ అంచుల్లో నల్లటి బూజుగా కనిపిస్తుంది. మూడోదానికి కిటికీ తెరవడం, ఎగ్జాస్ట్ ఫ్యాన్ పెట్టడం, గదిలో తేమ 60 శాతం దాటకుండా చూసుకోవడం చాలు. రెండోది కారణం దొరికితే బాగుచేయొచ్చు, దొరక్కపోతే డబ్బు తాగుతూనే ఉంటుంది. మొదటిది బాగుచేయడం కష్టం, ఖర్చు, చాలాసార్లు పూర్తిగా పోదు. కింది గదిలో వయసు పైబడినవాళ్లు పడుకోబోతుంటే మొదటి రకం చెమ్మ ఉన్న ఇల్లు నేను వద్దంటాను.

చెమ్మని దాచడం సులువు కాబట్టి వెతకడం తెలియాలి. ఇల్లంతా పాత రంగు ఉండి ఒక్క గోడకే కొత్త రంగు ఉంటే ఆ గోడ దగ్గర ఆగండి. అరచెయ్యి ఆనించి చూడండి. తలుపు తీయగానే అగరువత్తుల, రూమ్ ఫ్రెష్‌నర్ వాసన ఘాటుగా కొడితే పావుగంట ఆగి మళ్లీ వాసన చూడండి, దాని కింద దాగిన చెమ్మ వాసన అప్పుడు తెలుస్తుంది. బాత్రూమ్ ఉన్న గోడకి అవతలి వైపు గోడ చూడండి. బట్టల అల్మారా తెరిచి లోపలి వెనక చెక్కని వేళ్లతో రుద్ది చూడండి. బాగా తడిసిన చోట బూజు మొదలవడానికి ఒకటి రెండు రోజులు చాలు. కాబట్టి "మొన్నే తడిసింది, ఏం కాదు" అన్న మాటని నమ్మాల్సిన అవసరం లేదు.

నీళ్లు రావాల్సిన సంగతి చూడడానికి ఒక బకెట్, ఫోన్‌లో స్టాప్‌వాచ్ చాలు. పది లీటర్ల బకెట్ షవర్ కింద పెట్టి ఎంతసేపట్లో నిండుతుందో చూడండి. నిమిషంన్నర లోపు నిండితే బాగున్నట్టే. అప్పుడే ఇంకొకళ్లు వంటింట్లో కుళాయి విప్పండి, షవర్ ఎంత సన్నబడుతుందో కనిపిస్తుంది. పై అంతస్తులో ధార ఎప్పుడూ సన్నగా ఉండడానికి కారణం ట్యాంకు ఎత్తు. పది మీటర్ల ఎత్తులో ఉన్న నీటికి ఒక బార్ (ఒత్తిడిని కొలిచే ప్రమాణం) ఒత్తిడి వస్తుంది. షవర్‌కి రెండు మీటర్ల పైన ట్యాంకు ఉంటే ఆ ఒత్తిడి అయిదో వంతే. దీనికి చిన్న ప్రెషర్ పంపు పెట్టుకోవచ్చు కాబట్టి ఇది వద్దనుకునే కారణం కాదు. అసలు నీళ్లే రాకపోవడం, బయటినుంచి కొనుక్కుని తెచ్చుకోవాల్సి రావడం మాత్రం ముమ్మాటికీ కారణమే. నీటి రుచి కోసం టీడీఎస్ మీటరుతో, అంటే నీటిలో కరిగిన లవణాలని కొలిచే మీటరుతో చూసుకోవచ్చు. లీటరుకి 600 మిల్లీగ్రాముల లోపు ఉంటే తాగడానికి బాగుంటాయని, 1000 దాటితే రుచి బాగా పాడవుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తుంది. ఆ మీటరు క్రిముల సంగతి చెప్పదు, దానికి ల్యాబ్ పరీక్ష చేయించాల్సిందే.

పైపుల లీకేజీకి ఒక చిన్న పరీక్ష ఉంది. ఇంట్లో కుళాయిలన్నీ కట్టేసి, నీటి మీటరు అంకె రాసుకుని, అరగంట తర్వాత మళ్లీ చూడండి. అంకె కదిలితే ఎక్కడో కారుతోంది. సింకులో నీళ్లు నింపి ఒక్కసారిగా వదలండి. గుడగుడమని చప్పుడు చేస్తూ ఆగి ఆగి పోతుంటే డ్రైనేజీ పైపులో గాలి ఆడడం లేదు, లేదా ఎక్కడో పూడుకుపోయింది.

పగుళ్ల గురించి అందరికీ టెన్షనే, నిజానికి చాలా పగుళ్లు ప్రమాదం లేనివి. వెంట్రుకవాసి సన్నగా ప్లాస్టర్ మీద వలలా కనిపించేవి సిమెంటు ఆరేటప్పుడు వచ్చినవి. భయపడాల్సినవి వేరే ఉంటాయి. తలుపు, కిటికీ మూలల్లోంచి ఏటవాలుగా పైకి పాకేవి, ఇటుకల వరసల వెంట మెట్లు మెట్లుగా వెళ్లేవి, ఒక కొసన సన్నగా రెండో కొసన వెడల్పుగా ఉండేవి, గోడకి రెండు వైపులా ఒకే చోట కనిపించేవి. వెడల్పు 5 మిల్లీమీటర్లు దాటిందంటే స్ట్రక్చరల్ ఇంజినీర్ చూడకుండా అడుగు ముందుకు వేయకండి. ఆ పగులు దగ్గర్లోనే తలుపు పట్టేస్తుంటే, నేల మీద పెట్టిన గోళీ తనంతట తనే దొర్లుతుంటే పునాది ఒక వైపు దిగుతోందన్న అనుమానం బలపడుతుంది. స్లాబ్ అడుగున, దూలాల మీద పొడవాటి పగుళ్లు, వాటి వెంట తుప్పు మరకలు కనిపిస్తే అది ఇంకో కథ. లోపల చువ్వ తుప్పు పడితే ఆ తుప్పు అసలు ఇనుముకంటే రెండు నుంచి ఆరు రెట్లు ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది, కాంక్రీటుని లోపల్నుంచి పగలగొట్టి పెచ్చులుగా ఊడగొడుతుంది. పైన ప్లాస్టర్ పూస్తే కొన్నాళ్లు కనపడదు, లోపల మాత్రం ఆగదు. ఒక చోట ఉంటే బాగుచేయొచ్చు. నాలుగు గదుల్లో ఉంటే ఆ ఇల్లు వదిలేయండి.

కరెంటు సంగతి త్వరగా చెప్పేస్తాను, ఎందుకంటే డబ్బు పెడితే పూర్తిగా మారిపోయేది ఇదే. ఎర్తింగ్ ఉందా, షాక్ కొట్టగానే సప్లై ఆపేసే 30 మిల్లీయాంప్‌ల పరికరం (ఆర్‌సీసీబీ) బోర్డులో ఉందా, వైర్లు ఎన్నేళ్లవి అన్నది ఎలక్ట్రీషియన్‌తో చూపించండి. పాతబడితే ఇల్లంతా కొత్త వైరింగ్‌కి అయ్యే ఖర్చు అడిగి తెలుసుకుని ధరలో తగ్గించమనండి. ఆస్బెస్టాస్ రేకులు, కొన్ని ప్రాంతాల్లో నేలలోంచి ఇంట్లోకి వచ్చే రేడాన్ అనే రేడియోధార్మిక వాయువు కూడా పేర్లు వింటే భయం వేసేవే. రేకులు పగలకుండా, కోయకుండా ఉన్నంతకాలం వెంటనే ప్రమాదం ఉండదు, వాటికి డ్రిల్లింగ్ చేయకండి. రేడాన్‌ని చిన్న కిట్‌తో కొలవొచ్చు, నేల అడుగునుంచి గాలి బయటికి లాగే ఏర్పాటుతో తగ్గించవచ్చు. పేరు ఎంత భయపెడుతుందన్నది కాదు, బాగుచేయగలమా లేదా అన్నదే చూడాలి.

చప్పుడు బాగుచేయగలిగినట్టే కనిపిస్తుంది, కానీ నా అనుభవంలో అది మార్చలేనివాటిలోకే వస్తుంది. పడకగదిలో ఎడతెగని చప్పుడు 30 డెసిబెల్స్ దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1999లో సూచించింది. డెసిబెల్ లెక్క మామూలు లెక్కలా ఉండదు. పది పెరిగితే చెవికి దాదాపు రెట్టింపు చప్పుడులా వినిపిస్తుంది. ఫోన్ యాప్‌లు కచ్చితంగా ఉండవు గానీ రెండు ఇళ్లని పోల్చుకోవడానికి సరిపోతాయి. మాటలు, హారన్ల లాంటివాటిని మంచి కిటికీలు చాలావరకు ఆపుతాయి. మోటార్లు, లిఫ్టు యంత్రం, ట్రాన్స్‌ఫార్మర్ల నుంచి వచ్చే బొంగురు గుయ్‌మనే చప్పుడు మాత్రం గోడల్లోంచే వస్తుంది, దాన్ని ఆపడం చాలా కష్టం. రాత్రి పదింటికి పడకగదిలో ఫ్యాన్, లైట్లు ఆపేసి అయిదు నిమిషాలు కళ్లు మూసుకుని కూర్చోండి. మీ తలవైపు గోడకి అవతల ఏముందో అడగండి. పక్కింటి బాత్రూమ్ అయితే రాత్రిళ్లు పైపుల చప్పుడు తప్పదు.

ఎండ గురించి ఒక్క మాట. పడమటి ఎండ సాయంత్రం కిందికి వాలి అడ్డంగా వస్తుంది, పైన ఎంత పొడుగు సజ్జా ఉన్నా ఆగదు. ఆపాలంటే కిటికీకి బయట నిలువు తెరో, చెట్టో ఉండాలి. లోపల మందపాటి కర్టెన్ వేస్తే వేడి అప్పటికే అద్దం దాటి గదిలోకి వచ్చేసి ఉంటుంది. పడకగదులన్నీ పడమరకి ఉంటే ఆలోచించండి, ఒక్కటి ఉంటే దాన్ని పని గది చేసుకోవచ్చు. గాలికి రెండు వైపులా కిటికీలు కావాలి. ఒకే వైపు రెండు కిటికీలు ఉన్న గదిలో గాలి వస్తుంది గానీ పోదు.

మీ ఇంటికి ప్రత్యేకంగా చెప్పాల్సింది అమ్మగారి విషయం. ఇప్పుడు ఆవిడ మెట్లు ఎక్కగలుగుతున్నారని రాశారు. సంతోషం. కానీ ఇల్లు ఇప్పటికి కాదు, ఇంకో పదిహేనేళ్లకి కొంటున్నారు. కింది అంతస్తులో పడకగది, దాన్ని ఆనుకుని బాత్రూమ్, రెండూ మీకు తప్పనిసరి. గది ఉండి బాత్రూమ్ దూరంగా ఉంటే రాత్రివేళ చీకట్లో నడవాలి, పడిపోయే ప్రమాదం అప్పుడే ఎక్కువ. తలుపు తెరిచినప్పుడు ఖాళీ కనీసం 80 సెంటీమీటర్లు ఉందేమో టేపు పెట్టి కొలవండి, చక్రాల కుర్చీ పట్టాలంటే అంత కావాలి. బాత్రూమ్ తలుపులు సాధారణంగా ఇంతకంటే ఇరుకు. ఇంటి ముందు మెట్లు ఎన్నో లెక్కపెట్టండి. ర్యాంపు కట్టాలంటే ప్రతి సెంటీమీటరు ఎత్తుకీ పన్నెండు సెంటీమీటర్ల పొడవు కావాలి. అరుగు 60 సెంటీమీటర్ల ఎత్తుంటే 7.2 మీటర్ల ర్యాంపు. అంత చోటు గేటుకీ గుమ్మానికీ మధ్య ఉందా? చాలా ఇళ్లలో ఉండదు. ముందు కొలుచుకుంటే తర్వాత బాధపడక్కర్లేదు.

దూరం విషయంలో ఒక లెక్క వేసి చూపిస్తాను. ఆఫీసుకి వెళ్లడానికి ఇప్పటికంటే ముప్పావుగంట ఎక్కువ పడుతుందనుకోండి, రావడానికి ఇంకో ముప్పావుగంట. రోజుకి గంటన్నర. ఏడాదికి 240 పనిరోజులంటే 360 గంటలు, అంటే పగలూ రాత్రీ కలిపి పదిహేను పూర్తి రోజులు. పెద్ద హాలు కోసం ఏటా పదిహేను రోజులు ఇస్తారా అని మిమ్మల్ని మీరు అడగండి. పాపకి ఏడేళ్లు అన్నారు. బడికి నడిచి వెళ్లే దూరం మీ జాబితాలో పద్దెనిమిదో అంశంగా ఉంది. దాన్ని పైకి తీసుకురండి. ఇంకో పదేళ్లు ఇంట్లో ప్రతి పొద్దున్నా ఎలా ఉండబోతోందో తేల్చేది అదే.

కాగితాల గురించి కఠినంగానే చెప్తాను. అమ్మేవాళ్ల పేరు మీద హక్కు స్పష్టంగా లేకపోయినా, వారసుల్లో ఒకరు సంతకం పెట్టాల్సి ఉన్నా, హద్దుల గొడవ నడుస్తున్నా, అనుమతి లేకుండా ఒక అంతస్తు లేపినా, కోర్టులో కేసు ఉన్నా అక్కడితో ఆగిపోండి. "అయిపోతుంది, అడ్వాన్స్ ఇవ్వండి" అంటే అయిపోయాకే ఇస్తామని చెప్పండి. లాయరు మీరు పెట్టుకున్నవారై ఉండాలి, అమ్మేవాళ్లో మధ్యవర్తో చూపించినవారు కాదు. తనిఖీకి ఒప్పుకోని ఇల్లు, "రేపటిలోగా తేల్చండి" అని తొందరపెట్టే ఇల్లు కూడా నా లెక్కలో కాగితాల్లో చిక్కున్న ఇల్లు లాంటిదే. ఎన్నోసార్లు ఇలాంటి ఇళ్లకి రెండోసారి వెళ్లినప్పుడు తొందరకి కారణం గోడ మీదే కనిపించింది.

డబ్బు విషయంలో ఒక్కటే నియమం. ఇల్లు కొన్నాక చేతిలో ఏమీ మిగలకపోతే ఆ ఇల్లు మీకు అందని ఇల్లు. ఇంటి విలువలో సుమారు ఒక శాతం ఏటా మరమ్మతులకి పక్కన పెట్టాలన్నది చాలామంది పాటించే లెక్క. పాత ఇంటికి అది చాలదు. అపార్ట్‌మెంట్ అయితే అందరి ఉమ్మడి నిధిలో ఎంతుందో, గత మూడేళ్ల మెయింటెనెన్స్ లెక్కలు చూపిస్తారో అడగండి. లెక్కలు చూపించని చోట లిఫ్టు పాడైన రోజున ఆ భారం ఒక్కసారిగా అందరి మీదా పడుతుంది.

ఇప్పుడు జాబితా ఎలా తిరగరాయాలో చెప్తాను. మీరిద్దరూ విడివిడిగా, వేరే గదుల్లో కూర్చుని రాయండి. కలిసి రాస్తే ఒకరు గట్టిగా అడిగింది ఇంకొకరు మొహమాటానికి ఒప్పేసుకుంటారు. ఒక్కొక్కరు అయిదు తప్పనిసరి అంశాలు, అయిదు ససేమిరా వద్దు అనే అంశాలు, అంతే. ప్రతిదాని పక్కనా "ఎందుకు" అని రాయండి. ఈ "ఎందుకు" చాలా పని చేస్తుంది. మీ జాబితాలో "తూర్పు బాల్కనీ" ఉంది. ఎందుకు? పొద్దున్నే ఎండలో కూర్చోవడానికా, బట్టలు ఆరేయడానికా, మొక్కల కోసమా? బట్టల కోసమైతే డాబా ఉన్నా సరిపోతుంది. పొద్దుటి ఎండ కోసమైతే తూర్పు కిటికీ ఉన్న వంటగది సరిపోవచ్చు. "పెద్ద స్టోర్ రూమ్" ఎందుకంటే ఇప్పుడున్న ఇంట్లో సామాను చోటు లేక కింద పడి ఉందని రాశారు. దానికి గోడ అల్మారాలు చాలు. కోరికని కారణంగా మార్చి రాసుకుంటే పద్నాలుగు ఇళ్లలో వద్దనుకున్నవి రెండు మూడు మళ్లీ పనికొస్తాయేమో చూడండి.

తర్వాత రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టండి. ఇద్దరిలో ఎవరు "వద్దు" అని రాసినా అది ఇద్దరికీ వద్దే, దాని మీద వాదన పెట్టుకోకండి. ఒకరికి పడని చప్పుడులో, ఒకరికి భయం వేసే వీధిలో ఇంకొకరు హాయిగా ఉండలేరు. "కావాలి" అన్నవాటి మీద మాత్రం మాట్లాడుకుని అయిదుకి తగ్గించండి. అమ్మగారిని, పాపని కూడా ఒక్కొక్కటి అడగండి. పిల్లలు కొన్నిసార్లు మనకి తట్టనిది చెప్తారు. ఒక ఇంట్లో తొమ్మిదేళ్ల అబ్బాయి "ఇక్కడ కుక్కలు అరుస్తున్నాయి, సైకిల్ తొక్కలేను" అన్నాడు. వాళ్ల అమ్మానాన్నలు అప్పటిదాకా వీధిని చూడనేలేదు.

ఈ కాగితం ఇల్లు చూసే ముందు రాయాలి, చూస్తూ అక్కడికక్కడే మార్చకూడదు. ఇంటి లోపల నిలబడి ఉన్నప్పుడు "ఇది ఫర్వాలేదులే" అనిపిస్తే ఆ మాట మర్నాడు ఇంట్లో కూర్చుని చెప్పుకోవాలి. మర్నాడూ ఫర్వాలేదనిపిస్తే అప్పుడు కొట్టేయండి. అయిదు తప్పనిసరి అంశాలూ ఉండి, వద్దన్నవి ఒక్కటీ లేని ఇల్లు దొరికితే వెతకడం ఆపేయండి. 1978లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ అందుకున్న హెర్బర్ట్ సైమన్ 1956లోనే ఈ సంగతి రాశారు. అన్నింటికంటే ఉత్తమమైనదాన్ని వెతికే తీరిక, సమాచారం మనిషికి ఉండవని, ముందే గీసుకున్న గీత దాటిన మొదటిదాన్ని తీసుకోవడమే మనుషులు నిజంగా చేసే పని అని ఆయన చెప్పిందాని సారం. మీ దగ్గర లేనిది ఆ గీతే. అందుకే పద్నాలుగు ఇళ్లు చూశాక కూడా పదిహేనోది చూడాలనిపిస్తోంది.

ఇక తొమ్మిదో ఇల్లు. మీరు చెప్పిన వివరాల్ని బట్టి కింద గది, ఆనుకుని బాత్రూమ్, బడికి పది నిమిషాల నడక, రోడ్డుకంటే ఎత్తులో స్థలం, రెండు వైపులా కిటికీలు, అన్నీ ఉన్నాయి. మార్చలేనివి బాగున్నాయి. మిగిలిన అనుమానం ఆ మరక ఒక్కటే. దాని మీద పడకగది ఉందో, బాత్రూమ్ ఉందో మీరు రాయలేదు, ముందు అది చూడండి. పైన బాత్రూమ్ ఉంటే అమ్మేవాళ్లని ఒక పరీక్షకి ఒప్పించండి. బాత్రూమ్ నేల మీద నీళ్లు పోయే రంధ్రాన్ని గుడ్డతో గట్టిగా బిగించి, రెండు మూడు సెంటీమీటర్ల ఎత్తున నీళ్లు నిలబెట్టి, ఒక పూర్తి రోజు వదిలేయాలి. మొదలుపెట్టే ముందు కింద మరక అంచు చుట్టూ పెన్సిల్‌తో గీయండి, ఫోటో తీసుకోండి. ఇరవై నాలుగు గంటల తర్వాత అదే చోట మళ్లీ ఫోటో తీసి, అరచెయ్యి పెట్టి చూడండి. తేమ కొలిచే మీటరు దొరికితే ఇంకా మంచిది. నేలలో కాకుండా పైపుల్లో లీకేజీ ఉండొచ్చు కాబట్టి మర్నాడు అదే బాత్రూమ్‌లో షవర్, కుళాయిలు, ఫ్లష్ అరగంట పాటు వాడి మళ్లీ చూడండి.

మరక పెన్సిల్ గీత దాటకపోతే, పొడిగా ఉంటే వాళ్లు చెప్పింది నిజమే, రిపేరు ఎవరు చేశారో బిల్లు అడిగి తీసుకుని ముందుకెళ్లండి. గీత దాటినా కంగారు పడకండి. బాత్రూమ్ నేల తవ్వి వాటర్‌ప్రూఫింగ్ మళ్లీ వేయించడం తెలిసిన పనే, ఆ ఖర్చు ఎస్టిమేట్ రాయించి ధరలో తగ్గించమనండి. అయితే ఆ గదిలో స్లాబ్ అడుగున తుప్పు మరకలు కూడా ఉంటే ఎస్టిమేట్ రాయించే ముందు ఇంజినీర్‌ని తీసుకెళ్లండి. పరీక్షకే ఒప్పుకోమని వాళ్లంటే ఆ ఇల్లు వదిలేయండి, నాకు ఆ విషయంలో సందేహం లేదు. పరీక్ష చేశాక రెండు ఫోటోలూ పెట్టండి, చూసి చెప్తాను.